నూరు రూపాయల తీరిక

(సొసైటీ వార్షిక సభలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



"ఆపా, మీ క్విల్లింగ్ తరగతి గురించి నాలుగు మాటలు చెప్పండి" అని సెక్రటరీ సాబ్ అన్నారు. నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు కాలేజీ ఫీజుల లెక్క చెప్పారు, డయాలిసిస్ రోగులకు చేసిన సాయం చెప్పారు, రంజాన్ రేషన్ లెక్క చెప్పారు. అవన్నీ విన్న తర్వాత కాగితం పూల గురించి మాట్లాడాలంటే నిజంగా కొంచెం సిగ్గుగానే ఉంది.

నిరుడు ఇదే సభ అయ్యాక ఒక దాత నన్ను ఆపి అడిగారు. "ఆపా, ఈ కాగితాలు చుట్టడం నేర్పిస్తున్నారు, బాగానే ఉంది. దీంతో పిల్లలకు నెలకు ఎంత వస్తుంది?" అని. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఇచ్చిన రూపాయి ఎక్కడికి పోతోందో తెలుసుకునే హక్కు దాతకు ఉంది. ఆ రోజు నేను ఏదో నసిగాను. "ముందు ముందు వస్తుందండీ" అన్నాను. ఆ మాట అబద్ధమని ఇంటికి పోయేసరికి నాకే అనిపించింది. అందుకని ఈ రోజు సూటిగా జవాబు చెబుతాను. దీంతో దాదాపు ఏమీ రాదు. అయినా ఈ తరగతి నడవాలి. ఎందుకు నడవాలో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

ముందు ఈ పని ఏమిటో చెబుతాను. మీలో చాలామంది పెళ్ళి పత్రికల మీద, ఆడపిల్లల చెవి కమ్మల్లో చూసే ఉంటారు. సన్నటి కాగితపు పట్టీని ఒక పుల్లకు చుట్టి, వదులు చేసి, అంచు అంటించి, వేళ్ళతో నొక్కితే ఒక రేకు తయారవుతుంది. అలాంటివి అయిదు పక్కపక్కన పెడితే పువ్వు. అంతే. కత్తెర, జిగురు, పుల్ల, కాగితం, ఓపిక తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

ఇది కొత్త పని కాదు. కొన్ని వందల ఏళ్ళ కిందట యూరప్‌లో మఠాల్లో ఉండే సన్యాసినులు, బంగారు పూత వేసిన పుస్తకాల అంచులు కత్తిరించగా మిగిలిన పట్టీలను పక్షి ఈక కాడకు చుట్టి, పటాలకు అలంకారం చేసేవాళ్ళని చెబుతారు. ఈక కాడను ఇంగ్లీషులో క్విల్ అంటారు, క్విల్లింగ్ అనే పేరు దాన్నుంచే. అంటే పుట్టుకలోనే ఇది పారేసే ముక్కలతో చేసిన పని. మనం తెలుగులో కాగితం అంటున్న మాట ఫార్సీ కాగజ్ నుంచి వచ్చిందే. కలం అరబ్బీ మాట. కాగితంతో మన ఇళ్ళకు ఉన్న చుట్టరికం పాతదే.

తర్వాత 18వ శతాబ్దంలో ఇంగ్లండులో ఇది గొప్పింటి ఆడవాళ్ళ కాలక్షేపం అయింది. టీ పొడి పెట్టెల మీద, పటాల చట్రాల మీద కాగితపు చుట్టలు అంటించేవాళ్ళు. డిగ్రీలో మాకు జేన్ ఆస్టిన్ నవల ఒకటి ఉండేది, 1811లో అచ్చయిన 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'. అందులో ఈ పని వస్తుంది. ఒక పెద్దింట్లో అతిథిగా ఉంటున్న అంతంతమాత్రపు కుటుంబం అమ్మాయి, ఆ ఇంటి దొరసాని కూతురి కోసం కాగితపు బుట్ట చేస్తూ ఉంటుంది. ఒక రాత్రి దొరసాని, 'ఈ పూట నువ్వు ఆ పని పెట్టుకోకపోవడమే మంచిది, కొవ్వొత్తి వెలుగులో కళ్ళకు చేటు' అంటుంది. ఆ వెంటనే 'పాప పాపం చిన్నబుచ్చుకుంటుంది, రేపు ఎలాగో సముదాయిద్దాం' అని కూడా అంటుంది. ఆ అమ్మాయికి విషయం అర్థమై, లేచిపోయి పని ముందు కూర్చుంటుంది. చదివిన రోజుల్లో నేను దీన్ని పట్టించుకోలేదు. ఎందుకు గుర్తొచ్చిందో చివర్లో చెబుతాను.

నేను దీన్ని 2020లో నేర్చుకున్నాను. ఆ ఏడు ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా ఎలా ఉండిందో మీకు చెప్పక్కర్లేదు. రాష్ట్రంలో ఎక్కువ కేసులు మన జిల్లాలోనే. రంజాన్ వచ్చింది. తరావీహ్ ఇంట్లోనే, ఈద్ నమాజు కూడా ఇంట్లోనే. చాలా ప్రైవేటు బళ్ళ టీచర్లలాగే నాకూ జీతం ఆగింది. మా అమ్మీకి ఒంట్లో బాగుండేది కాదు. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ఫోన్లో ఎవరో కాగితంతో గులాబీ చేస్తుంటే చూశాను. చేయాలనిపించింది. సామాను కొందామంటే అంగళ్ళు మూత, కొరియర్లు బంద్. అంగళ్ళు తెరిచినా కొనే పరిస్థితి కాదు. ఇంట్లో ఉన్నదాంతోనే మొదలుపెట్టాను.

మొదట న్యూస్‌పేపర్ కత్తిరించాను. అది మరీ మెత్తన, చుట్ట నిలబడదు, వేళ్ళకు సిరా అంటుకుంటుంది. తర్వాత పాత క్యాలెండర్. అది నున్నగా మెరుస్తుంది కాబట్టి జిగురు పట్టదు, ఆరాక ఊడిపోతుంది. పెళ్ళి పత్రికల అట్ట మందం ఎక్కువ, చుట్టితే విరుగుతుంది. చివరికి మా బడి పిల్లల పాత నోటుపుస్తకాల్లో రాయకుండా మిగిలిన తెల్ల కాగితం పనికొచ్చింది. మందం సరిపోయింది. చీపురు పుల్ల కొస బ్లేడుతో చీల్చి, ఆ చీలికలో కాగితం కొస దూర్చి తిప్పాను. మొదటి పువ్వుకు మూడు రోజులు పట్టింది. రేకులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అమ్మీ మంచం మీద నుంచి చూస్తూ, "కాగితాలు చుట్టి చుట్టి ఏం మూటగడతావే?" అంది. నాలుగో రోజు తనే లేచి కూర్చుని, "ఇటు ఇవ్వు, నువ్వు లాగుతున్నావు, పుల్ల తిప్పాలి" అంది. ఆ మాటే ఈ విద్యలో మొదటి పాఠం. కాగితాన్ని లాగకూడదు, పుల్లను తిప్పాలి. ఆ ఈద్‌కు మేమిద్దరం చేసిన కార్డులు గల్లీలో గుమ్మాల కింద నుంచి తోసి వచ్చాం. ఒకరి ఇంటికి ఒకరు పోలేని పండగ అది.

ఇప్పుడు ఖర్చు లెక్క చెబుతాను. ఇది దాతల సభ కాబట్టి వివరంగానే చెబుతాను. ఇంటికి పోయి మీ పిల్లలతో చేయించాలనుకున్నవాళ్ళకు కూడా పనికొస్తుంది.

కాగితం. ఫ్యాన్సీ అంగళ్ళలో కోసి అమ్మే క్విల్లింగ్ పట్టీలు ఉంటాయి. నేను కొన్నప్పుడు కట్ట ముప్పై నుంచి యాభై రూపాయలు. అవి లేకపోయినా ఫరవాలేదు. జిరాక్స్ అంగడిలో దొరికే రంగుల ఏ4 కాగితాలు తెచ్చుకోండి. ఏ4 వెడల్పు 210 మిల్లీమీటర్లు. పొడవునా 5 మిల్లీమీటర్ల చొప్పున గీతలు గీసి కోస్తే ఒక్క కాగితానికి 42 పట్టీలు వస్తాయి. ఒక్కోటి దాదాపు 30 సెంటీమీటర్ల పొడవు. పది కాగితాలకు 420 పట్టీలు. ఒక పువ్వుకు అయిదు రేకులు, నడుమ బొట్టు ఒకటి, ఆకులు రెండు, మొత్తం ఎనిమిది పట్టీలు. మూడు పూల ఈద్ కార్డుకు 24. అంటే పది కాగితాలతో 17 కార్డులు చేసి, ఇంకా పట్టీలు మిగులుతాయి. కోయడానికి స్టీల్ స్కేలు, కట్టర్ కావాలి. కట్టర్ మాత్రం పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. చిన్నపిల్లలు గీత మీద కత్తెరతో కోస్తే చాలు.

ఇంకో దారి ఉంది. ప్రింటింగ్ ప్రెస్‌లో పుస్తకాలు, పత్రికలు అంచులు కోసినప్పుడు సన్నటి ముక్కలు సంచుల్లో పడి ఉంటాయి. అడిగితే ఊరికే ఇస్తారు. ఎక్కువగా తెల్లవే. మల్లెపూలకు అంతకన్నా మంచి కాగితం లేదు. మఠంలో సన్యాసినులు ఏరుకున్నదీ ఇలాంటి అంచులే కదా.

పుల్ల. అమ్మే సూది కొంటే నలభై రూపాయలు. చీపురు పుల్ల అయితే ఉచితం. కుట్టు సూది కన్ను పైభాగం పటకారుతో తుంచి, మొన వైపు పెన్సిల్ ముక్కలో గుచ్చితే ఇంకా బాగుంటుంది. తుంచేటప్పుడు ముక్క ఎగిరి కంట్లో పడకుండా గుడ్డ కప్పాలి.

జిగురు. తెల్ల ఫెవికాల్ చిన్న డబ్బా చాలు, నెలలు వస్తుంది. పిల్లలు చేసే తప్పు ఒకటే, జిగురు ఎక్కువ పెట్టడం. ఎక్కువ పెడితే ఆరాక మరక మెరుస్తుంది. అగ్గిపుల్ల మొనతో ఆవగింజంత పెడితే చాలు.

కొలత. రేకులన్నీ ఒకే సైజులో రావాలంటే చుట్టను ఒకే గుండ్రంలో వదలాలి. జామెట్రీ అంగట్లో దొరికే గుండ్రాల స్టెన్సిల్ ఉంటే మేలు. లేదా పసిపిల్లల గాజు, సీసా మూత. అట్ట కోసం పాత పెళ్ళి పత్రికలు. చుట్టడానికి పనికిరాని ఆ అట్ట అడుగున పెట్టడానికి భేషుగ్గా పనికొస్తుంది.

ఇవన్నీ కలిపినా ఒక బిడ్డకు నూరు రూపాయలు దాటదు. అందులో నాలుగైదు నెలలు గడుస్తాయి. ఇంకో కష్టం ఉంది, అది డబ్బుతో తీరేది కాదు. ఫ్యాన్! ఆదోని ఎండల్లో ఫ్యాన్ లేకుండా కూర్చోలేం, ఫ్యాన్ వేస్తే పట్టీలన్నీ గాలికి లేస్తాయి. అందుకే మా పిల్లలు అంచున్న స్టీల్ పళ్ళెంలో పెట్టుకుని చేస్తారు. ఎండాకాలం పొద్దున్నే తరగతి. మన గాలి పొడిగా ఉండడం ఒక మేలు. చుట్ట మెత్తబడదు, నిలుస్తుంది.

ఇక తరగతి సంగతి. ఆదోనిలో ఆదివారం, ఎమ్మిగనూరులో శుక్రవారం మధ్యాహ్నం నమాజు తర్వాత. రెండు ఊళ్ళకు నడుమ ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. బస్సులో నా బ్యాగు చూసి కండక్టర్లు "టీచరమ్మా, పూలు వచ్చినాయా?" అంటారు. గది సొసైటీ వాళ్ళది. వచ్చేవాళ్ళలో బడికి పోయే ఆడపిల్లలు ఉన్నారు, బడి మానేసినవాళ్ళు ఉన్నారు, ఇద్దత్ గడిపి మళ్ళీ బయటికి రావడానికి వెనకాడుతున్న ఒక చెల్లెలు ఉంది. పక్క వీధి హిందూ పిల్లలు కూడా వస్తారు. తలుపు తీసే ఉంటుంది.

ఆకారాలకు పుస్తకంలో ఇంగ్లీషు పేర్లున్నాయి. పిల్లలు వాటిని పట్టించుకోలేదు. గట్టిగా చుట్టింది బిళ్ళ. వదులు చేసింది జిలేబీ. ఒక పక్క నొక్కితే నీటిచుక్క, రెండు పక్కలా నొక్కితే కన్ను, వంచితే నెలవంక. ఆదోని జామియా మసీదు ఫోటో ముందు పెట్టుకుని కమాను ఆకారం గీసి, దాన్ని నీటిచుక్కలతో నింపిన పిల్ల ఉంది. 17వ శతాబ్దంలో ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన ఆ మసీదును రోజూ చూస్తూనే ఉన్నాం. ఆ కమాను ఎక్కడ మొదలై ఎక్కడ వంగుతుందో నేను మొదటిసారి గమనించింది ఆ పిల్ల చేతిలో చూసినప్పుడే.

ఎమ్మిగనూరులో నాకు ఇంకో ఆశ్చర్యం. మొదటి రోజే అక్కడి పిల్లలు నాకన్నా సమంగా చుట్టారు. ఎందుకో తర్వాత తెలిసింది. అది నేతగాళ్ళ ఊరు. 1938లో పద్మశ్రీ మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టి నిలబెట్టిన ఊరు. మగ్గం ఉన్న ఇళ్ళల్లో ఆడపిల్లలు చిన్నప్పటి నుంచి రాట్నం మీద కండెలు చుడతారు. నూలు తెగకుండా, బిగుతు మారకుండా చుట్టడం వాళ్ళ వేళ్ళకు వచ్చు. నేను పాఠం చెప్పాల్సిన అవసరమే లేకపోయింది. 'మీకు ముందే వచ్చు' అని చెబితే చాలింది. ఆ మాట విన్నప్పుడు ఆ పిల్లల ముఖాలు మీరు చూసి ఉండాల్సింది. బడిలో వెనక బెంచీలో కూర్చునే పిల్లకు 'నీకు ముందే వచ్చు' అని ఎవరూ ఎప్పుడూ చెప్పి ఉండరు.

ఇప్పుడు ఆదాయం సంగతి. దాచకుండా చెబుతాను. మేమూ ప్రయత్నించాం. జుంకీలు చేశాం. బిళ్ళను గాజు గోలీ మీద పెట్టి నొక్కితే గిన్నెలా వంగుతుంది. లోపల జిగురు పూసి ఆరబెట్టి, పైన రంగులేని నెయిల్ పాలిష్ రెండు మూడు పూతలు వేసి, కొక్కెం తగిలిస్తే జుంకీ. జతకు పదిహేను రూపాయల దాకా సామానుకే అవుతుంది. అమ్మితే యాభై. చేయడానికి, ఆరడానికి ఒక పూట పోతుంది. ఒక అంగడిలో ఇరవై జతలు పెట్టాం. నాలుగు నెలలకు ఏడు జతల డబ్బు ఇచ్చారు, మిగతావి వెలిసిపోయి వెనక్కి వచ్చాయి. పత్తి ఏరడానికి పోయినా ఇంతకంటే ఎక్కువే వస్తుంది. కాబట్టి దీన్ని 'స్వయం ఉపాధి శిక్షణ' అని బోర్డు రాసి మిమ్మల్ని మభ్యపెట్టను. కుట్టు మిషను, మగ్గం వర్క్, కంప్యూటర్ నేర్పించండి. కడుపు నింపే విద్యలు అవి. ఇది అలాంటిది కాదు.

మరి ఇది ఏమిటి? తీరిక. మన పెద్దింటి పిల్లలకు బొమ్మల క్లాసు ఉంది, కరాటే క్లాసు ఉంది, కీబోర్డు క్లాసు ఉంది. 'దీంతో నెలకు ఎంత వస్తుంది?' అని వాళ్ళను ఎవరూ అడగరు. పిల్ల సంతోషంగా ఉంది, బుర్ర పెరుగుతోంది అంటాం. పేదింటి పిల్ల విషయానికి వచ్చేసరికి చేతిలో ఏది పెట్టినా వెంటనే కూలి లెక్క వేస్తాం. ఆ పిల్ల పొద్దున లేస్తే నీళ్ళు పట్టాలి, తమ్ముణ్ణి చూసుకోవాలి, కండెలు చుట్టాలి. వారంలో ఒక గంట తన కోసం, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని గంట, ఆ పిల్లకు కూడా ఉండాలని నా మనవి.

ఒక పిల్ల గురించి చెబుతాను. కోసిగి వైపు నుంచి వచ్చి ఆదోనిలో చుట్టాల ఇంట్లో ఉండి చదివేది. ఆ ఏడు వానలు పడలేదు. ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోయారు, పిల్లనూ తీసుకుపోయారు. అలాంటి ప్రయాణంలో ఏం తీసుకుపోగలరు? వంట గిన్నెలు, దుప్పట్లు. ఈ పిల్ల టిఫిన్ డబ్బాలో ఒక కట్ట పట్టీలు, చీపురు పుల్ల, జిగురు డబ్బా పెట్టుకుపోయింది. మళ్ళీ వచ్చినప్పుడు ఆ డబ్బా నిండా నీటిచుక్కలు, కళ్ళు, నెలవంకలు. ఇంకా పువ్వులుగా అంటించలేదు. "అక్కడ అట్ట దొరకలేదు ఆపా, రేకులు మాత్రం చేసుకున్నా" అంది. మిరప కోసిన వేళ్ళు మండుతుంటే సాయంత్రం ఎలా చుట్టావే అని అడిగాను. "మండుతుంటేనే చుట్టినా, అటు ధ్యాస పోకుండా" అంది. ఆ డబ్బాకు నెలకు ఎంత అని నేను లెక్క కట్టలేను.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నిరుడు ఈ సభలో వేదిక మీది పెద్దలకు ఇచ్చిన జ్ఞాపికలు గుర్తున్నాయా? కాగితపు పూల పటాలు, పద్నాలుగు. అందరూ మెచ్చుకున్నారు, ఫోటోలు దిగారు. అవి మా పిల్లలు చేసినవి. సభ తేదీ దగ్గర పడింది, నేను తొందరపెట్టాను. ఎమ్మిగనూరు పిల్ల ఒకతె, తొమ్మిదో తరగతి, ఇంట్లో కండెల పని అయ్యాక నాలుగు రాత్రులు మేలుకుని పూలు చేసింది. కరెంటు పోతే ఫోన్ లైటు పెట్టుకుని చేసిందట. సభ అయిపోయాక సామాను సర్దుతుంటే దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "ఆపా, ఇప్పుడు నా కోసం ఒకటి చేసుకోనా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు, డిగ్రీలో చదివిన ఆ కొవ్వొత్తి, ఆ బుట్ట. 'కళ్ళకు చేటు' అంటూనే పని చేయించుకున్న దొరసాని స్థానంలో నేను నిలబడ్డాను. ఎనిమిది నెలలుగా నేర్చుకుంటున్న పిల్ల ఇంట్లో తను చేసిన పువ్వు ఒక్కటి లేదు. అన్నీ ఇతరులకే పోయాయి. ఎవరూ చెడ్డ మనసుతో చేయలేదు. పెద్దలు అడగలేదు, నేనే ముచ్చటపడ్డాను. కానీ ఇచ్చేవాళ్ళను సంతోషపెట్టడం తీసుకునేవాళ్ళ పని అనే అలవాటు మన ఒంట్లో ఎంత ఇంకిపోయిందో ఆ రోజు తెలిసింది. ఉపకారం చేసి ఎత్తిపొడవడం వల్ల దానం వ్యర్థమవుతుందని మన పెద్దలు ఎప్పుడూ చెబుతారు. మాటతో ఎత్తిపొడవకపోయినా, చేతితో బదులు చేయించుకోవడం కూడా దానికి దగ్గరిదేనేమో ఆలోచించండి.

ఆ పిల్ల తన కోసం ఏం చేసుకుందో చెబుతాను. తన పేరు, తెలుగులో. అట్ట మీద పెన్సిలుతో రాసి, ఆ గీత వెంట పట్టీని అంచు మీద నిలబెట్టి అంటించింది. మన తెలుగు అక్షరాలు గుండ్రటివి కదా, ఈ పనికోసమే పుట్టినట్టు ఒదిగిపోయాయి. లోపల చిన్న చిన్న జిలేబీలు నింపింది. "ఈ కాగితాల పిచ్చి ఏంది?" అని కసిరే వాళ్ళ నాయన, పాత మగ్గం చెక్కతో చట్రం చేసి, మగ్గం గదిలోనే మేకుకు తగిలించాడు. నేను పోయినప్పుడు చూపించి, "మా ఇంట్లో రాసిపెట్టిన పేరు ఇదొక్కటే మేడమ్, రేషన్ కార్డు తప్ప" అన్నాడు.

పెద్దలారా, ఇక నా విన్నపాలు. నాలుగే.

మొదటిది. జకాత్ సొమ్ము ఈ తరగతికి ముట్టుకోవద్దు. దానికి హక్కుదారులు ఎవరో ఖురాన్‌లోనే చెప్పి ఉంది, అది వాళ్ళకే చేరాలి. ఇప్పటిదాకా మేమూ ముట్టుకోలేదు. ఫీజులు, మందులు, రేషన్ ముందు. వాటిలో ఒక్క రూపాయి తగ్గించి మాకు ఇవ్వమని అడగడం లేదు. మామూలు చందాలో విడిగా, మీరు ఇష్టంగా ఇచ్చింది చాలు.

రెండోది. బిడ్డకు నూరు రూపాయలు. ఇరవై మందికి రెండు వేలు. డబ్బు ఇవ్వలేనివాళ్ళు వస్తువు ఇవ్వండి. ప్రెస్ ఉన్న అన్నలు అంచుల సంచీ పారేయకుండా పంపండి. ఇంట్లో పాత పెళ్ళి పత్రికలు పోగుచేయండి. ఎమ్మిగనూరు గదికి కిటికీ దగ్గర ఒక ట్యూబులైటు కావాలి. పిల్లల కళ్ళు ముఖ్యం.

మూడోది. ఈ ఏడాది నుంచి జ్ఞాపికలు మా పిల్లలతో చేయించం. ఈ రోజు మీకు శాలువా, పూలదండ కూడా ఇవ్వలేదు. ఏమీ అనుకోవద్దు. పిల్లలు చేసింది చూడాలనుకుంటే తరగతికి రండి. వాళ్ళు తమకోసం చేసుకున్నవి చూపిస్తారు. ఎవరైనా ఇష్టంగా మీ చేతిలో ఒక పువ్వు పెడితే తీసుకోండి. అది లెక్కలో రాయని పువ్వు.

నాలుగోది అన్నిటికంటే చౌక. మీ ఇంట్లో పని చేసే పిల్ల ఉంటే, మీ అంగట్లో పని చేసే మనిషికి కూతురు ఉంటే, వారంలో ఆ ఒక్క గంట ఆమెను వదలండి. సామానుకు నూరు రూపాయలు మేం ఎలాగోలా తెస్తాం. ఆ గంట మాత్రం మేం తేలేం. అది మీ చేతిలోనే ఉంది.

నిరుడు నన్ను అడిగిన ఆ దాత ఈ రోజు కూడా సభలో ఉన్నారు. వారికి నా సలాములు. మీరు అడిగి ఉండకపోతే నేను ఇంత ఆలోచించేదాన్ని కాదు. అల్లాహ్ మీ సంపాదనలో బరకత్ ఇవ్వాలి. మన పిల్లల చేతులకు పని ఎలాగూ ఉంటుంది, కాస్త తీరిక కూడా ఇవ్వాలి. ఆమీన్.